పాతరలు, పాత తొట్లు: తెరచుట, తీసివేయుట

పాత యిల్లు పడగొట్టి క్రొత్తది కట్టుకొనువారు మొట్టమొదట కప్పును గూర్చియు, గోడలను గూర్చియు ఆలోచింతురు. దూలము ఏ ప్రక్క పడునో, పెంకులు ఎట్లు దించవలెనో మేస్త్రీతో ముందుగానే మాట్లాడుకొందురు. నేల అడుగున ఏమున్నదో విచారించువారు మాత్రము తక్కువ. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పాత లోగిళ్లలో రెండు మూడు తరముల వాడుక నేలలో మిగిలియుండుట కద్దు. తాతలనాటి ధాన్యపు పాతర యొకటి, వాడుక మానిన మరుగుదొడ్డి తొట్టి యొకటి, దొడ్డిలో ఎండిన బావి యొకటి, పశువుల కొట్టములో ఒక మూల ఆయిలు ఇంజను నాటి డీజిలు పీపా యొకటి. చూచుటకు ఇవి నిర్జీవ వస్తువులే. తెరచునపుడు మాత్రము ప్రాణము తీయగలవు. అందునను వీని కొక దుర్గుణము కలదు. ఇవి ఒక్కరితో తృప్తిపడవు. దిగినవాడు పలుకకుండుట చూచి అన్న దిగును, అన్న కొరకు తండ్రి దిగును. వార్తాపత్రికలలో మనము చదువు ఇట్టి విషాదములలో చాలభాగము ఈ వరుసనే జరుగుచున్నవి. కాబట్టి ఈ పాత గోతులను, తొట్లను ఏ క్రమమున తెరచి, ఏ విధమున తీసివేయవలెనో తెలిసికొనుట ప్రతి గృహస్థునకును అవసరము.

పాతరలోని గాలి

వరి అన్నము నిత్యభోజనము కాని దినములలో తెలంగాణ పల్లెలకు జొన్నయే ముఖ్యాహారము. పంటలో కొంత గుమ్ములలోను, గాదెలలోను పోసి, ఏడాది పొడుగున నిలువవలసినదానిని పాతరలో పోసెడివారు. నీరు నిలువని మెరకచోట, గట్టి మొరము నేలలో, నోరు ఇరుకుగను కడుపు వెడల్పుగను గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, ధాన్యము నింపి, పైన మరల గడ్డి వేసి, బండ మూసి, మట్టితో మెత్తెడివారు.

ఇట్లు మూసిన ధాన్యము చెడకుండుటకు కారణమేమి? గింజ చచ్చిన వస్తువు కాదు, అది మెల్లగా శ్వాసించుచునే యుండును. గింజలోని పురుగును, తడి తగిలిన చోట పుట్టు బూజును శ్వాసించును. ఇవన్నియు కలిసి ఆ గోతిలోని ప్రాణవాయువును హరించి బొగ్గుపులుసు గాలిని విడుచును. ప్రాణవాయువు తరగగానే పురుగు చచ్చును, గింజ నిలుచును. గాలి చొరని సంచులలో ధాన్యమును దాచు నేటి పద్ధతి కూడ ఈ సూత్రము మీద ఆధారపడినదే. అనగా పురుగును చంపు గుణమే పాతరకు బలము. ఆ గుణమే అందులో దిగు మనిషికి మృత్యువు.

మనము పీల్చు గాలిలో నూటికి సుమారు 21 పాళ్లు ప్రాణవాయువు. ఇది 19.5 పాళ్లకు తగ్గిన చోట పనిచేయరాదని భద్రతా నియమములు చెప్పుచున్నవి. 16 పాళ్ల దరిదాపులకు వచ్చునప్పటికి దీపము ఆరిపోవును, మనిషికి ఆలోచన మందగించును. 10 పాళ్లకు దిగువను స్పృహ తప్పును. 6 పాళ్లకు దిగినచో ఒకటి రెండు శ్వాసలతోనే కాళ్లు కూలబడును. కేకవేయుటకు కూడ వ్యవధి చిక్కదు. బొగ్గుపులుసు గాలి మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. నీటివలె అది పల్లమును వెదకుకొని అడుగున నిలుచును. అందుచేత పాతర మూత తీసి ఒక దినము ఉంచినంత మాత్రమున లోపలి గాలి బాగుపడినదని తలచుట పొరపాటు. మూత తీసినంతనే కుండలోని నీరు ఒలికిపోవదు గదా!

దీపము చెప్పునది, చెప్పనిది

పాత బావిలోనికో, పాతరలోనికో దిగుటకు ముందు తాడుకట్టి లాంతరు దింపి చూచు ఆచారము పెద్దలనుండి వచ్చినది. ఆచారము మంచిదే. కాని దీపపు సాక్ష్యము ఎంతవరకు నమ్మదగినదో తెలియవలెను.

ఈ విషయమున గనుల చరిత్ర మనకు పాఠము చెప్పును. భూపాలపల్లివారికి బొగ్గుగని పరాయిది కాదు. 1871లో భూగర్భశాస్త్రవేత్త డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉన్నట్లు కనుగొనెను. 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ ఆ బొగ్గును త్రవ్వుటకు పూనుకొనెను. 1920 నుండి అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయినది. పాడుపడిన గని సొరంగమునకును, పాడుపడిన పాతరకును గాలి విషయమున భేదము లేదు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1815లో గని కూలీలకొరకు రక్షక దీపమును నిర్మించెను. మండు వాయువు ఉన్నచోట అందలి మంట రూపము మారును, ప్రాణవాయువు తగ్గినచోట మంట ఆరును. తరువాత జాన్ స్కాట్ హాల్డేను అను శరీరశాస్త్రవేత్త గని ప్రేలుళ్లలో మృతులైన వారిని పరీక్షించి, అందు పెక్కుమంది ప్రేలుడు దెబ్బచే గాక కార్బన్ మోనాక్సైడు అను విషవాయువుచే మరణించిరని 1896లో చూపెను. ఆ విషమును దీపము పట్టజాలదు. అందుచేత ఎలుకలవంటి, పిట్టలవంటి చిన్న ప్రాణులను వెంట తీసికొనిపోవలెనని ఆయన సూచించెను. బ్రిటిషు గనులలో పసుపుపచ్చని కానరీ పిట్టలు 1986 వరకు ఈ ఉద్యోగము చేసినవి. వాని స్థానమును నేడు వాయువులను కొలుచు చిన్న యంత్రములు ఆక్రమించినవి.

దీనినిబట్టి తేలునదేమి? ధాన్యపు పాతరలో దీపము ఆరినచో అందు దిగరాదనుట నిశ్చయము. ఆరనిచో దిగవచ్చుననుట నిశ్చయము కాదు. బొగ్గుపులుసు గాలి నూటికి 10 పాళ్లు చేరినచో, ప్రాణవాయువు చాలినంత ఉన్నను మనిషి స్పృహ తప్పును. అప్పటికి దీపము వెలుగుచునే యుండవచ్చును. ఇక మరుగుదొడ్డి తొట్టిలోనికిని, నూనె పీపాలోనికిని దీపము దింపుట శుద్ధ అవివేకము. అచ్చట దీపము పరీక్ష కాదు, అగ్గిపుల్ల.

మరుగుదొడ్డి తొట్టి

సెప్టిక్ ట్యాంకు అని మనమందరము పిలుచు తొట్టిలో మలినము గాలి లేకుండ క్రుళ్లును. అందువలన ముఖ్యముగా రెండు వాయువులు పుట్టును. మొదటిది మీథేను. గాలిలో ఇది నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసినచో నిప్పురవ్వ తగులగానే ప్రేలును. రెండవది హైడ్రోజన్ సల్ఫైడు. క్రుళ్లిన కోడిగ్రుడ్డు వాసన దీనిదే. ఈ వాసనను నమ్ముకొనుటయందే మోసము కలదు. పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 100 పాళ్లకు చేరునప్పటికి మన ముక్కు మొద్దుబారును. వాసన పోయినది, ఇక భయము లేదు అని మనిషి తలచును. వాసన పోలేదు, దానిని పట్టు శక్తి పోయినది. ఇంకను పెరిగినచో నిమిషములలో ప్రాణము పోవును. పైగా ఈ వాయువు బురదలో అణగియుండును. గోలీసోడా సీసాలో గాలి ఎట్లు దాగియుండునో అట్లే. పైన ప్రశాంతముగా కనబడు తొట్టిలో కఱ్ఱపెట్టి కలిపినంతనే అది ఒక్కసారి పైకి లేచును. దిగునప్పుడు బాగుగనే యుండి, పని మొదలుపెట్టగానే కూలిపోవుటకు కారణమిదియే.

ఈ తొట్టిలోనికి ఒక మనిషిని దింపుట ప్రమాదము మాత్రమే గాక నేరము కూడ. 2013 నాటి చట్టము తగిన రక్షణ సాధనములు లేకుండ మురుగు కాలువలను, సెప్టిక్ తొట్లను మనుషులచే శుభ్రము చేయించుటను నిషేధించినది. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు ఖైదు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఈ నిషేధము పురపాలక సంఘములకే కాదు, కూలి మాట్లాడుకొని దింపు గృహస్థునకును వర్తించును. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యమున 2014 మార్చి 27న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, 1993 నుండి ఇట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల వంతున పరిహారమీయవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరు 20 నాటి మరియొక తీర్పులో మురుగు కాలువల మరణములకు ఆ మొత్తము ముప్పది లక్షలకు పెంచబడినది. ఆ ఆందోళనను నడిపిన బెజవాడ విల్సను కోలారు బంగారు గనుల వద్ద తెలుగు కుటుంబమున జన్మించిన వాడు. ఈ సేవకు 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. బరువు దించుకొనుటకు మనము పిలుచు మనిషియు ఒక యింటి దీపమే యను మాటను చట్టము చేత చెప్పించుకొనవలసి వచ్చుట మనకు గౌరవము కాదు.

కనుక పద్ధతి యిది. వాడుక మానదలచిన తొట్టికి వచ్చు గొట్టములను ముందుగా క్రొత్త తొట్టికి గాని, కాలువకు గాని మళ్లింపవలెను. పురపాలక సంఘమునకు తెలిపి, పీల్చు యంత్రము గల బండిని రప్పించి, లోపలి మలినమంతయు పైనుండియే తీయింపవలెను. మూత తెరచినది మొదలు పని ముగియువరకు ఆ దరిని బీడీ, సిగరెట్టు, దీపము, వెల్డింగు ఉండరాదు. పిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను. తరువాత పైకప్పును అంచునుండి కొంచెము కొంచెముగా పగులగొట్టి తీయవలెను. దాని నడుమ నిలువరాదు. లోపల సున్నము చల్లి, పొడవైన గునపముతో పైనుండియే అడుగున చిల్లులు పొడిచి, పిమ్మట మట్టితో నింపవలెను. చిల్లులు లేనిచో వానకాలమున అది భూమిలో మూతలేని నీటితొట్టి యగును.

బావిలో ఇంజను

జనగామ ప్రాంతపు మెట్ట రైతులకు బావినీరు లోతునకు పోవుట క్రొత్త కాదు. నీరు దిగినకొలది పంపును, దానితోపాటు ఇంజనును క్రిందికి దించుట అలవాటు. డీజిలు, కిరసనాయిలు, పెట్రోలు, ఏ నూనెతో నడచు ఇంజనైనను విడుచు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలోని ఎఱ్ఱని పదార్థము ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు మించిన ఆసక్తితో దీనిని పట్టుకొనును. బావిలోపల ఇంజను నడిపించి, అది ఆగిపోగానే చూచుటకు దిగుట మృత్యువును వెదకుకొని పోవుటయే. పూడిక తీయుటకు కూడ ఇంజను గట్టుమీదనే, గాలికి దిగువ దిక్కున, బావికి దూరముగా ఉండవలెను. విద్యుత్తు పంపు దొరకినచో అదియే మేలు.

ఖాళీ పీపా నిండు పీపాకంటె ప్రమాదము

డీజిలు, కిరసనాయిలు నిలువచేసిన పాత పీపాను తుక్కు క్రింద అమ్ముటకు ముందు కోయించుట కద్దు. ఖాళీది గదా యను ధైర్యముతో గ్యాసు కటింగువానికి ఇత్తురు. నిండు పీపాలో నూనెయే గాని గాలి లేదు, గాలి లేనిచోట మంట లేదు. ఖాళీ పీపాలో గోడలకు అంటుకొన్న నూనె ఆవిరియై గాలితో కలిసి యుండును. మండుటకు కావలసిన పాళ్లు అక్కడనే కుదురును. మనదేశ ప్రమాణములు కిరసనాయిలునకు జ్వలన తాపమును 35 డిగ్రీలకు తగ్గరాదని నిర్ణయించినవి. అనగా ఆ వేడికి లోపల అది అంటుకొనదగినంత ఆవిరిని విడువరాదు. కాని మన వేసవిలో నీడపట్టుననే వేడి 40 డిగ్రీలు దాటును, ఎండలోని ఇనుప పీపా అంతకంటె మిక్కిలి కాగును. శీతలదేశమున క్షేమమైన నూనె మన మే నెలలో క్షేమము కాదు.

అందుచే పీపాను నీడకు చేర్చి, మిగిలిన నూనెను చేతిపంపుతో మరియొక మూతగల డబ్బాలోనికి తీయవలెను. వెల్డింగు, గ్యాసు మంట, తిరుగుడు రంపము, ఈ మూడును దరి చేరరాదు. కోయక తప్పనిచో అనుభవముగల పనివాని చేత, అంచువరకు నీరు నింపించి, లోపల ఆవిరికి చోటులేకుండ చేసిన పిమ్మటనే కోయింపవలెను. అడుగు మడ్డిని, కడిగిన నీటిని కాలువలోగాని, పాడు బావిలోగాని పోయరాదు. ఊరి త్రాగునీరు అదే నేలలోనుండి వచ్చునని మరువరాదు. మడ్డిని మూతగల డబ్బాలో నుంచి, వాడిన నూనెను కొనుటకు అనుమతి గలవారికి ఈయవలెను. అట్టి పీపాలలో ఎంత తోమినను ధాన్యముగాని, త్రాగునీరుగాని నింపరాదు.

దూరదేశమున మనవారి యిండ్లు

ఈ సమస్య మన నేలకే పరిమితము కాదు. మన జిల్లాల బిడ్డలు అనేకులు స్థిరపడిన అమెరికాలో, న్యూజెర్సీ మొదలగు ఈశాన్య రాష్ట్రములలో చలికాలమున ఇల్లు వెచ్చగా నుంచుటకు డీజిలువంటి నూనెను మండించుట పూర్వపు పద్ధతి. అందుకొరకు నేలమాళిగలో 275 గ్యాలనులు, అనగా సుమారు 1,040 లీటర్లు పట్టు ఇనుప తొట్టి యుండెడిది. కొందరి యిండ్లలో దానిని పెరటి నేలలో పాతిపెట్టిరి. తరువాత వంటగ్యాసువంటి సహజవాయువు గొట్టములలో వచ్చినది, తొట్లు మాత్రము మిగిలినవి. ఇనుము త్రుప్పుపట్టి నూనె నేలలోనికి కారినచో ఆ మట్టిని త్రవ్వి తీయు ఖర్చు ఇంటి యజమానిమీద పడును. కాబట్టి అచ్చట పాత యిల్లు కొనువారు నేలలో తొట్టి యున్నదా యని ముందుగా యంత్రముతో వెదకింతురు. ఉన్నచో స్థానిక అధికారుల అనుమతి పొంది, నూనెను పంపుతో తోడించి, మడ్డిని తుడిపించి, తొట్టిని తీయించి, క్రింది మట్టిని పరీక్ష చేయింతురు.

అందొక చిన్న విషయము మనకును పాఠమే. తొట్టిని తీసివేసి, వీధివైపు గోడలోని నూనెపోయు గొట్టమును మరచినచో, నూనె బండివాడు పాత అలవాటుచొప్పున వచ్చి ఆ గొట్టములో నూనె పోసి, నేలమాళిగనంతయు నింపి పోయిన సంఘటనలు కలవు. వస్తువును తీసినప్పుడు దానికి దారితీయు మార్గమును కూడ తీయవలెనను నీతి అన్నిటికిని వర్తించును. మన మరుగుదొడ్డి తొట్టి గొట్టమైనను, బావి మెట్లైనను, పాతర మూతి యైనను అంతియే.

పాతరను మూయు క్రమము

ఇల్లు కట్టుటకు ముందు ఇంటి పెద్దలను అడిగి పాతర ఎచ్చటనున్నదో గుర్తింపవలెను. నేలమీద గునపముతో తట్టినచో బోలు ధ్వనివలన కూడ తెలియును. చుట్టును తాడు కట్టి ఎవ్వరిని ఆ చోట నడువనీయరాదు, పాత బండలు, కఱ్ఱలు పుచ్చి యుండును. మూతను ప్రక్కనుండి తీసి, నోటిని వీలైనంత వెడల్పు చేయవలెను. గాలి విసరు యంత్రమును బయట దూరముగా నుంచి, దాని గాలి గుడ్డగొట్టము ద్వారా పాతర అడుగువరకు చేరునట్లు చాలసేపు నడుపవలెను. వేపమండలకట్టను తాడుతో పైకి క్రిందికి ఆడించు పాత ఉపాయము గాలిని కొంత కదలించును గాని, దానిమీదనే ఆధారపడరాదు.

లోపల ధాన్యమున్నచో బొక్కెనలతో పైనుండియే తోడవలెను. ఎవ్వరును దిగనక్కరలేకుండ పని సాగించుటయే ఉత్తమ మార్గము. తప్పనిసరి యైనచో వాయువులను కొలుచు యంత్రముతో అడుగు, నడుమ, పైభాగము మూడు చోట్ల పరీక్షించిన తరువాత, రొమ్ముకును తొడలకును బిగించు పట్టీ ధరించి, పైన ఇద్దరు బలశాలులు తాడు పట్టియుండగా దిగవలెను. గాలి విసరుట ఒక్క నిమిషమైనను ఆపరాదు.

పాతరను నింపుటకు ఇంటి తుక్కు, గడ్డి, చెత్త వేయుట పెద్ద లోపము. అవి క్రుళ్లి మరల అవే వాయువులు పుట్టును, కొన్నాళ్లకు నేల క్రుంగి పైనున్న గోడ బీటలిచ్చును. పొడి మొరమును జానెడు మందమున పరచి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి, దానిపై మరియొక పొర వేయుచు రావలెను. పొడుగాటి కఱ్ఱకు దిమ్మిస కట్టినచో అడుగు పొరలను పైనుండియే కొట్టవచ్చును. ఆ చోట ఏ గోడ, ఏ స్తంభము వచ్చుచున్నదో మేస్త్రీకి చెప్పి పునాదిని తదనుగుణముగా వేయింపవలెను.

ఎవరైన పడినచో

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకడు లోపల కూలినాడనుకొందము. ఆ క్షణమున కన్నవారికి, తోడబుట్టినవారికి చేయి కాలు నిలువదు. అయినను దిగరాదు. దిగినవాడు రెండవ శవమగునే గాని రక్షకుడు కాజాలడు. తాడు కట్టియున్నచో లాగవలెను. లేనిచో గొట్టముద్వారా మంచి గాలిని లోనికి పంపుచు, 101కు ఫోనుచేసి అగ్నిమాపక దళమును, 108కి చేసి వైద్యసహాయమును పిలువవలెను. వాయువుచే కూలినాడని స్పష్టముగా చెప్పవలెను. అప్పుడు వారు శ్వాసయంత్రములతో వత్తురు. పైకి తీసినవానిని ఆరుబయట వెల్లకిల పరుండబెట్టి, ఊపిరి లేనిచో రొమ్ము నడుమ రెండు చేతులు ఆనించి, నిమిషమునకు 100 మొదలు 120 సార్లు లోతుగా నొక్కుచు, వైద్యులు వచ్చువరకు ఆపక సాగింపవలెను.

నేల అడుగున పాతిపెట్టిన వస్తువును మనము మరచినను అది మనలను మరువదు. ఈ వేసవిలో ఇల్లు విప్పదలచినవారు పని మొదలు పెట్టక మునుపే ఇంటిలోని వృద్ధులను కూర్చుండబెట్టుకొని పాతర ఎక్కడ, తొట్టి ఎక్కడ, పూడ్చిన బావి ఎక్కడ అని అడిగి, ఒక కాగితముమీద గుర్తు వేసికొనవలెను. ఆ కాగితమును కూలివారికి పని చెప్పు దినముననే మేస్త్రీ చేతికి ఈయవలెను.